దేశానికి వెన్నెముక సరే, రైతు వెన్నెముక మాటేమిటి?

— తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి

"రైతే దేశానికి వెన్నెముక" అన్న మాట వినని తెలుగువాడుండడు. ఎన్నికల సభల్లో, ఆగస్టు పదిహేను ఉపన్యాసాల్లో, హైస్కూలు వ్యాసరచన పోటీల్లో ఈ మాట లేకపోతే పని జరగదు. నేనూ ఎనిమిదో తరగతిలో ఇదే వాక్యంతో వ్యాసం మొదలుపెట్టి బహుమతిగా ఒక స్టీలు గ్లాసు తెచ్చుకున్నాను. ఆ గ్లాసు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. కాని దేశానికి వెన్నెముక అనిపించుకున్న ఆ మనిషికి కూడా ఒక వెన్నెముక ఉంటుందనీ, పొద్దుటినుంచి సాయంత్రం దాకా వంగి నాట్లు వేసినా, 75 కిలోల ధాన్యం బస్తా భుజాన వేసుకుని లారీ ఎక్కించినా ఆ వెన్నుకు ఏమవుతుందో చూడాలనీ ఏ వక్తా చెప్పగా నేను వినలేదు. అందుకే ఈ సంచికలో కవిత్వం గురించో, రాజకీయాల గురించో కాకుండా నడుము గురించి రాస్తున్నాను. పాఠకులు మన్నించాలి.

ఈ మధ్య ఏ పట్టణంలో బస్సు దిగినా పెద్ద పెద్ద బోర్డులు కనిపిస్తున్నాయి. "కోత లేకుండా వెన్నెముక ఆపరేషన్." "ఉదయం ఆపరేషన్, సాయంత్రం ఇంటికి." "కీహోల్", "లేజర్", "ఎండోస్కోపిక్" అని రకరకాల పేర్లు. అదే బస్సెక్కి పల్లెకు పోతే అక్కడ రచ్చబండ దగ్గర ఇంకో మాట వినిపిస్తుంది: "వెన్నుపూస జోలికి పోతే కాళ్ళు పడిపోతాయిరా, ఆపరేషను మాటెత్తకు." పట్నం ఆశ పెడుతుంది, పల్లె భయపెడుతుంది. ఈ రెండింటి మధ్యా నలిగేది నడుం నొప్పి మనిషే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్న గాటుతో చేసే ఈ ఆపరేషన్ నిజంగా గొప్ప విద్య, అది పట్నాల్లో డబ్బున్నవాళ్ళకే కాకుండా మన జిల్లా ఆసుపత్రుల దాకా రావాలి. అయితే గాటు ఎంత చిన్నది అన్నది మూడో ప్రశ్న. అసలు ఆపరేషన్ అవసరమా అన్నది మొదటి ప్రశ్న. చేయించుకున్నవాడు మళ్ళీ ఏ పనికి తిరిగి పోతాడు అన్నది రెండో ప్రశ్న. మనవాళ్ళు మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నారు.

ముందు సంగతి కొంచెం వివరంగా చూద్దాం. వెన్నెముకలో 33 పూసలున్నాయి. పైభాగంలో కదిలే పూసల మధ్య 23 దిండ్లున్నాయి. వాటినే డిస్కులంటారు. డిస్కు ఎట్లా ఉంటుందో తెలియాలంటే తాటిముంజను తలుచుకోండి. చుట్టూ గట్టి పొరలు, లోపల మెత్తని జిగురు పదార్థం. వంగినప్పుడు, బరువెత్తినప్పుడు ఈ జిగురు మీద ఒత్తిడి పడుతుంది. చుట్టూ ఉన్న పొర ఎక్కడైనా చిట్లితే లోపలిది బయటకు పొడుచుకు వస్తుంది. పక్కనే కాలికి దిగే నరం ఉంటుంది. దాన్ని నొక్కిందంటే నడుములో మొదలై పిరుదు, తొడ, పిక్క మీదుగా పాదం దాకా కరెంటు తీగ తగిలినట్లు లాగుతుంది. డాక్టర్లు సయాటికా అంటారు. ఆయుర్వేదంలో గృధ్రసి అన్నారు. మా ఊళ్ళో "నరం పట్టేసింది" అంటారు. నడుములో కింది రెండు డిస్కులకే ఈ గతి ఎక్కువగా పడుతుంది, ఎందుకంటే పై బరువంతా దిగేది అక్కడికే.

ఈ నొప్పి మనిషి పుట్టినప్పటినుంచీ ఉన్నదే. కాని దాని మూలం డిస్కులో ఉందని వైద్యలోకానికి గట్టిగా తెలిసింది 1934లోనే. అమెరికాలో బోస్టన్ నగరంలో మిక్స్టర్ అనే నరాల శస్త్రవైద్యుడూ, బార్ అనే ఎముకల వైద్యుడూ కలిసి ఆ సంవత్సరం ఒక వ్యాసం ప్రచురించారు. అప్పటిదాకా ఆపరేషన్ లో కనిపించిన ఆ ముద్దను కంతి అనుకునేవారు. అది కంతి కాదు, చిట్లి బయటపడిన డిస్కేనని వీళ్ళు తేల్చారు. అప్పటినుంచి దాన్ని తీసేసే ఆపరేషన్ వ్యాపించింది. అయితే ఆ రోజుల్లో వీపు మీద పొడవుగా కోసి, కండరాలను ఎముక నుంచి ఒలిచి, ఎముకను కొంత కొరికి తీసి గాని లోపలికి చేరేవారు కాదు. చిటికెన వేలి గోరంత ముక్క కోసం అంత విధ్వంసం! పొలంలో ఒక కలుపు మొక్క పీకడానికి మడి అంతా దున్నినట్లు. మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్న భయం ఆ కాలం నాటి ఆపరేషన్లను చూసి పుట్టిన భయమేనని నా అనుమానం. భయం పుట్టడంలో తప్పు లేదు. కాలం మారినా అది మారకపోవడమే చిక్కు.

1963లో అమెరికాలోనే లైమన్ స్మిత్ అనే డాక్టరు కత్తి లేకుండా ఈ పని చేయవచ్చునా అని ఆలోచించాడు. ఆయన వాడినదేమిటో తెలిస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. బొప్పాయి పాలు! మన పెరట్లో పచ్చి బొప్పాయికి గాటు పెడితే కారే పాలల్లో ఒక ఎంజైము ఉంది. పేరు కైమోపపైన్. మాంసం ఉడకకపోతే బొప్పాయి ముక్క వేయడం మన ఇళ్ళలో తెలిసినదే కదా, ఇదీ అదే సూత్రం. దాన్ని సూదితో డిస్కులోకి ఎక్కిస్తే లోపలి జిగురు కరుగుతుంది. 1982లో అమెరికా ప్రభుత్వం అనుమతి కూడా ఇచ్చింది. చాలామందికి గుణమిచ్చింది. కాని కొద్దిమందికి ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ వచ్చింది, మరికొద్దిమందికి వెన్నుపాము దెబ్బతింది. చివరకు 2003లో అక్కడి మార్కెట్టు నుంచి అది తప్పుకుంది. కోత లేనంత మాత్రాన ప్రమాదం లేనట్లు కాదని ఈ బొప్పాయి కథ మనకు చెప్తుంది. బోర్డుల మీద "కోత లేకుండా" అన్న మాట చదివినప్పుడల్లా దీన్ని గుర్తు పెట్టుకోవాలి.

తరువాత దారి రెండు పాయలుగా చీలింది. ఒక పాయ సూక్ష్మదర్శినిది. 1977లో జ్యూరిక్ లో యాసర్ గిల్, జర్మనీలో కాస్పర్ మైక్రోస్కోపు కింద చూస్తూ చిన్న కోతతో డిస్కు తీసే పద్ధతిని ప్రకటించారు. కోత రెండు మూడు సెంటీమీటర్లకు దిగింది. ఈ మైక్రో పద్ధతే నేటికీ ప్రపంచంలో ప్రామాణికం. రెండో పాయ గొట్టానిది. జపాన్ లో హిజికాటా అనే వైద్యుడు 1975లో చర్మం లోంచి సన్నని గొట్టం దింపి డిస్కు పదార్థాన్ని లాగే పద్ధతి చెప్పాడు. అమెరికాలో కాంబిన్ అనే వైద్యుడు నడుము పక్కనుంచి నరానికి తగలకుండా డిస్కును చేరే ఒక త్రికోణాకారపు సందును గుర్తించాడు. దానికి ఇప్పటికీ కాంబిన్ త్రికోణం అనే పేరు. 1997లో ఫోలీ, స్మిత్ అనేవారు గొట్టాన్నీ, ఎండోస్కోపునూ కలిపి వెనకవైపు నుంచి చేసే పద్ధతిని ప్రచురించారు. నేడు పూర్తి ఎండోస్కోపిక్ పద్ధతిలో పెట్టే గాటు సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు. అంటే ఒక పెన్సిలు లావు. కండరాన్ని కోయరు, దారి చేసుకుని పక్కకు జరుపుతారు. ఉప్పునీటి ధార లోపల పారుతూ ఉంటుంది, రక్తం కడుక్కుపోయి తెర మీద నరం తెల్లగా కనిపిస్తుంది. పక్కనుంచి చేసేటప్పుడు మత్తు ఆ చోటికి మాత్రమే ఇచ్చి, రోగిని మేలుకొని ఉండగానే చేయవచ్చు. "కాలు లాగుతోందా అమ్మా?" అని డాక్టరు అడిగితే రోగి జవాబు చెప్తాడు. నరం దగ్గరికి వస్తే రోగే హెచ్చరిక గంట.

ఇక్కడ మన భౌతికశాస్త్రం వాళ్ళు కాస్త గర్వపడవచ్చు. ఆప్టిక్స్ పేపరులో సంపూర్ణాంతర పరావర్తనం ప్రశ్న వస్తే బొమ్మ గీసి, సందిగ్ధ కోణం రాసి, ఐదు మార్కులు తీసుకుని మరచిపోతాం. 1954లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో హాప్కిన్స్ అనే ఆచార్యుడూ, పంజాబ్ లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ అనే మన దేశపు పరిశోధకుడూ ఆ సూత్రంతోనే సన్నని గాజుపోగుల కట్ట ద్వారా బొమ్మను పంపి చూపించారు. తరువాత హాప్కిన్స్ గాజు కడ్డీల కటకాలతో ఎండోస్కోపు చూపునే మార్చేశాడు. ఇవాళ వెన్నులోకి దిగే గొట్టంలో వెలుగు గాజుపోగుల వెంట పోతుంది, బొమ్మ కడ్డీ కటకాల వెంట తిరిగి వస్తుంది. కపానీకి మన ప్రభుత్వం 2021లో, ఆయన పోయిన తర్వాత, పద్మవిభూషణ్ ఇచ్చింది. మన పాఠ్యపుస్తకంలోని ఐదు మార్కుల ప్రశ్నకు ఇంత పని ఉందని ఎవరైనా తరగతిలో చెప్తే ఎంత బాగుండును!

సరే, విద్య గొప్పది. ఫలితం మాటేమిటి? సైన్సు విద్యార్థిగా నేను బోర్డుల్ని నమ్మను, లెక్కల్ని నమ్ముతాను. 2014లో కాక్రేన్ సంస్థ 11 అధ్యయనాలను కలిపి చూసింది. చిన్న గాటు పద్ధతుల్లో గాయం చీము పట్టడం తక్కువ కావచ్చుగాని, కాలు నొప్పి తగ్గే విషయంలో మామూలు పద్ధతుల కంటే ఒక్క పిసరు వెనకబడవచ్చుననీ, తేడాలు చాలా చిన్నవనీ తేల్చింది. తర్వాత 2022లో నెదర్లాండ్స్ లో 613 మంది రోగుల మీద జరిగిన అధ్యయనం బ్రిటిష్ మెడికల్ జర్నల్ లో వచ్చింది. పక్కనుంచి చేసే ఎండోస్కోపిక్ పద్ధతి ఏడాది తర్వాత మైక్రో పద్ధతికి ఏమాత్రం తీసిపోలేదని అందులో తేలింది. అంటే నిజం మధ్యలో ఉంది. ఇది మంత్రదండం కాదు, మోసమూ కాదు. ఏడాది గడిచాక రెండు పద్ధతులవాళ్ళూ ఇంచుమించు ఒకే చోట ఉంటారు. లాభం కనిపించేది మొదటి రోజుల్లో, మొదటి వారాల్లో. ఆసుపత్రిలో తక్కువ పడుకోవడం, కండరం తక్కువ దెబ్బతినడం, గాయం త్వరగా మానడం.

ఆఫీసు ఉద్యోగికి ఆ వారాలు మెడికల్ లీవు. రోజుకూలీకి ఆ వారాలు పస్తులు. కనుక ఈ విద్య ఎవరికి ఎక్కువ అవసరమంటే, ఎవరికి సెలవు లేదో వాళ్ళకు. కాని అది ఎక్కడ దొరుకుతోందంటే, ఎవరికి సెలవు ఉందో వాళ్ళకు. నా వాదన అంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. అసలు ఆపరేషన్ ఎందరికి కావాలి? మళ్ళీ నెదర్లాండ్స్ లోనే 2007లో 283 మంది మీద ఒక అధ్యయనం జరిగింది. అందరికీ ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికా. సగం మందికి వెంటనే ఆపరేషన్, మిగతా సగానికి మందులూ ఓపికా. ఓపిక పట్టినవాళ్ళలో 39 శాతం మంది చివరకు ఆపరేషన్ చేయించుకోక తప్పలేదు. మిగతా 61 శాతం మందికి ఆ ఏడాదిలో దాని అవసరమే రాలేదు. ఏడాది చివర రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నామన్నారు. ముందే చేయించుకున్నవాళ్ళకు నొప్పి త్వరగా తగ్గింది, అంతే తేడా. బయటికి పొడుచుకొచ్చిన డిస్కు ముక్క చాలామందిలో తనంత తానే ఎండి కుంచించుకుపోతుంది.

ఎమ్మారై సంగతి ఇంకా విచిత్రం. నడుము నొప్పి అంటూ ఏమీ లేని 3110 మంది స్కానింగులను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. ఇరవై ఏళ్ళవాళ్ళలో 30 శాతం మందికి డిస్కు ఉబ్బి ఉంది. 37 శాతం మందికి అరుగుదల ఉంది. యాభై ఏళ్ళవాళ్ళలో ఆ అరుగుదల 80 శాతం మందికి. నా వయసిప్పుడు ఇరవై. ఈ హాస్టల్లో నా వరసలో పది మందిని తీసుకుపోయి స్కానింగు చేయిస్తే ముగ్గురికి "డిస్కు బల్జ్" అని కాగితం వస్తుంది. ఆ ముగ్గురూ సాయంత్రం వాలీబాల్ ఆడుతూనే ఉంటారు. కాబట్టి కాగితంలో ఉన్నదంతా జబ్బు కాదు. మనిషి కాలూ, కాగితమూ ఒకే మాట చెప్తేనే జబ్బు.

ఈ సందర్భంలో మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాది కృష్ణా డెల్టాలో శివారు పల్లె. రెండెకరాల సొంతం, కొంత కౌలు. రెండేళ్ళ క్రితం సార్వా ఊడ్పుల తర్వాత మా అమ్మకు ఎడమకాలు లాగడం మొదలైంది. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు గారు స్కానింగు ఫిల్ము వెలుతురుకు పెట్టి చూశారుగాని, అమ్మ కాలు మీద చెయ్యి వేసి చూడలేదు. "రేపే చేసేద్దాం, ఆలస్యమైతే కాలు పడిపోతుంది, చిన్న రంధ్రమే" అన్నారు. బిల్లు మాత్రం చిన్నది కాదు. మా నాన్న ఆ రాత్రే గేదెను అమ్మే మాట మాట్లాడాడు. మర్నాడు నా స్నేహితుడి అన్నయ్య చెప్తే ప్రభుత్వాసుపత్రికి పోయాం. అక్కడ మూడు గంటలు వరసలో నిలబడ్డ మాట నిజమే. కాని అక్కడి డాక్టరు అమ్మను మడమల మీద నడిపించారు, మునివేళ్ళ మీద నడిపించారు, బొటనవేలు పైకి లేపమని తన చేత్తో అదిమి చూశారు, మూత్రం సరిగా వస్తోందా అని అడిగారు. "బలం తగ్గలేదమ్మా. ఆరు వారాలు చూద్దాం. ఈలోగా పాదం వేలాడినా, మూత్రం ఆగినా ఆ రాత్రే రండి" అన్నారు. రెండు నెలలకు నొప్పి తగ్గింది. గేదె ఇంకా మా పాకలోనే ఉంది.

అయితే ఆ రోజు మా అమ్మ ఒక ప్రశ్న అడిగింది. "నాట్లకు ఎప్పుడు పోవచ్చు డాక్టరుగారూ?" ఆయన మంచివాడు, "ఎక్కువసేపు వంగకమ్మా" అన్నారు. "వంగకుండా నాట్లు ఎట్టా ఏస్తారు నాయనా?" అంది అమ్మ. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రంలో జవాబు లేదు. ఎందుకంటే అది వైద్యశాస్త్రం ఒక్కటే చెప్పవలసిన జవాబు కాదు.

దీనికి ఎదురుగా రెండో సంగతీ చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మా ఊరి హమాలీ ఒకాయనకు నడుం నొప్పితో పాటు రెండు కాళ్ళూ తిమ్మిరెక్కాయి. కూర్చునే చోట స్పర్శ పోయింది. మూత్రం బిగిసింది. "వేడి చేసింది" అని ఇంట్లోవాళ్ళు కొబ్బరినీళ్ళు, బార్లీ నీళ్ళు తాగించారు. ఆపరేషనంటే కాళ్ళు పోతాయని ఊరంతా భయపెట్టింది. నాలుగు రోజుల తర్వాత ఆసుపత్రికి చేరాడు. ఆపరేషన్ చేశారు, నొప్పి పోయింది. కాని మూత్రం మీద అదుపు పూర్తిగా తిరిగి రాలేదు. వెన్ను కింది నరాల గుత్తి మొత్తం నొక్కుకుపోయిన స్థితి అది. అక్కడ గంటలు లెక్క. అలాంటి వేళ చిన్న గాటా, పెద్ద గాటా అని చూడకూడదు, దగ్గరలో ఎవరికి చేయి తిరిగి ఉంటే వాళ్ళ చేత చేయించుకోవాలి. మా అమ్మకు ఆపరేషన్ వద్దనడం ఎంత సరైన వైద్యమో, ఆయనకు అదే రాత్రి చేసి ఉండడం అంత సరైన వైద్యం. ఈ తేడా చెప్పగలిగినవాడే డాక్టరు. ఈ తేడా తెలిసిన ఊరే చదువుకున్న ఊరు.

చేయి తిరగడం అన్నాను కదా. ఎండోస్కోపు చూపించేది ఒకే కన్ను చూపు. లోతు తెలియదు, కంటితో తెర చూస్తూ చేతితో ఇంకోచోట పనిచేయాలి. ఎక్స్ రే కిరణాల మధ్య నిలబడాలి. ఈ పని వంటబట్టడానికి చాలా కేసులు చేయాలి, పక్కన గురువు ఉండాలి. పరికరాలు ఖరీదైనవి. అందుకే ఇది కార్పొరేట్ ఆసుపత్రుల చుట్టూ పెరిగింది. కాని మన ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో రోగులకు కొరత లేదు, నేర్చుకోవాలన్న యువ డాక్టర్లకు కొరత లేదు. లేనిది పరికరమూ, పట్టుదలా. 2007 ఏప్రిల్ 1న మహబూబ్ నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు పెద్ద ఆపరేషన్ పేదవాడికి అందుతుందా అని సందేహించినవాళ్ళు ఉన్నారు. అందింది. అయితే ప్రభుత్వం డబ్బు కట్టి బయటి ఆసుపత్రిలో చేయించడం ఒకటి, ప్రభుత్వాసుపత్రిలోనే ఆ విద్య వేళ్ళూనుకునేట్లు చేయడం ఇంకొకటి. రెండోది జరిగితే "అవసరం లేదమ్మా, ఇంటికి పో" అని చెప్పడానికి డాక్టరుకు నష్టం ఏమీ ఉండదు. ఆపరేషన్ చేస్తేనే డబ్బు వచ్చే చోట ఆ మాట చెప్పడం కష్టం. మనుషులు చెడ్డవాళ్ళని నేననడం లేదు, లెక్క అట్లా ఉందంటున్నాను.

ఇంకొక సంగతి. ఆపరేషన్ ఖర్చు కట్టినా, విశ్రాంతి ఖర్చు ఎవరు కడతారు? ఆంధ్రప్రదేశ్ లో 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అనే పథకం ప్రారంభించినప్పుడు, ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5000 మించకుండా ఇస్తామన్నారు. ఏ పార్టీ తెచ్చిందన్నది నాకు ముఖ్యం కాదు. విశ్రాంతి కూడా వైద్యంలో భాగమే, దానికీ వెల ఉంది అన్న ఆలోచన ముఖ్యం. ఆ ఆలోచన ఏ ప్రభుత్వంలోనూ చచ్చిపోకూడదు.

ఇక అమ్మ అడిగిన ప్రశ్న. దానికి జవాబు నాకు కాలిఫోర్నియాలో దొరికింది. అక్కడి తోటల్లో మెక్సికన్ కూలీలచేత అడుగున్నర పిడి ఉన్న పొట్టి పారతో కలుపు తీయించేవారు. పొట్టి పార అయితే కూలీ వంగే ఉండాలి, నడుము ఎత్తితే మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోతుంది. ఏళ్ళ తరబడి నడుములు పోయాయి. డాక్టర్లు సాక్ష్యం చెప్పారు, కూలీలు కోర్టుకెళ్ళారు. 1975లో ఆ పొట్టి పారను ఆ రాష్ట్రంలో నిషేధించారు. పంటలు ఆగలేదు. పొడుగు పిడి పారతో నిలబడి కలుపు తీశారు. ఒక్క కర్ర పొడుగు పెరగడం వల్ల ఎన్ని నడుములు నిలబడ్డాయో!

బరువుల సంగతీ అంతే. ఒక మగమనిషి మోసే బరువు 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. మన ధాన్యం బస్తా ఇప్పటికీ 75 కిలోల లెక్కనే నడుస్తోంది. యూరియా బస్తాను 2018లో 50 నుంచి 45 కిలోలకు తగ్గించారు. ఎరువు పొదుపు కోసం తగ్గించారుగాని, మోసేవాడి నడుముకూ ఐదు కిలోల పుణ్యం దక్కింది. యూరియాకు సాధ్యమైనది ధాన్యానికి ఎందుకు సాధ్యం కాదు? నిలబడి తోసే కలుపు యంత్రాలూ, నాట్లు వేసే యంత్రాలూ ఉన్నాయి. చిన్న కమతాలకు సరిపడేట్లు, ఆడవాళ్ళ చేతికి బరువు కాకుండా వాటిని తీర్చిదిద్దే పని ఉంది.

"యంత్రాలొస్తే కూలి పోదా?" అని నన్ను అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మా ఊళ్ళో నాట్ల కూలి మీద బతికే ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. యంత్రం భూస్వామి చేతిలో ఉంటే కూలి పోతుంది. అదే యంత్రం ఆ ఆడవాళ్ళ సంఘం చేతిలో ఉండి, వాళ్ళే దాన్ని నడిపి కూలి తీసుకుంటే పోదు. నడుము విరగ్గొట్టుకోవడం ఒక్కటే జీవనోపాధి కావాలని ఎవరూ కోరుకోరు. "నువ్వు సైన్సు చదువుతూ కొత్త విద్యకు అడ్డం పడతావేం?" అని కూడా కొందరంటారు. అడ్డం పడడం లేదు. కొత్త విద్యకు సరైన చోటు చూపిస్తున్నాను. పాదం బలం తగ్గినవాడికి, ఆరు వారాలు ఓపిక పట్టినా నొప్పి వదలనివాడికి, అది వాళ్ళ జిల్లాలోనే, అప్పు లేకుండా దొరకాలి. దొరికాక అతను మళ్ళీ అదే పొట్టి కొడవలికీ, అదే 75 కిలోల బస్తాకూ తిరిగి పోకూడదు. పోతే ఎంత నేర్పుగా చేసిన ఆపరేషనయినా సగం పనే.

మిత్రులారా, ఇందులో మనం చేయగలిగినది ఏమీ లేదనుకోకండి. ఏటా మనం ఎన్.ఎస్.ఎస్. క్యాంపులకు పల్లెలకు పోతాం. మొక్కలు నాటుతాం, రోడ్లు ఊడుస్తాం, ఫోటోలు దిగుతాం. ఈసారి ఒక సాయంత్రం నడుము గురించి మాట్లాడదాం. చెప్పవలసినవి నాలుగే మాటలు. నడుం నొప్పి చాలావరకు తగ్గేదే, మంచాన పడకుండా మెల్లగా తిరుగుతూ ఉండండి. స్కానింగు కాగితం చూసి బెదరకండి, కాలు పరీక్షించని డాక్టరు మాట మీద గొడ్డూ గోదా అమ్ముకోకండి. పాదం వేలాడినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, మూత్రం ఆగినా తెల్లవారేదాకా ఆగకండి. ఆపరేషన్ అవసరమని తేలితే భయపడకండి, ఇది 1934 కాదు. ఈ నాలుగు మాటలు చెప్పడానికి డాక్టరు చదువు అక్కరలేదు, మన ఊరి యాస వస్తే చాలు.

ఇంజనీరింగు మిత్రులు ఒక కలుపు పిడి పొడుగు గురించి ఆలోచించండి. అర్థశాస్త్రం మిత్రులు బస్తా బరువు గురించి ఒక అర్జీ రాయండి, నేనూ సంతకం పెడతాను. రేపు డాక్టర్లయ్యే మిత్రులు ఎండోస్కోపు నేర్చుకోండి, నేర్చుకుని జిల్లాల్లోనే ఉండండి. మొన్న సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు చూశాను, దాళ్వా ఊడ్పులు మొదలయ్యాయి. ఆ వరసల్లో వంగి ఉన్నవాళ్ళలో మన తల్లులున్నారు. వాళ్ళు కట్టిన ఫీజుతోనే మనమీ కాలేజీలో నిటారుగా కూర్చుని చదువుతున్నాం.